ఋణం ఎవరి గుమ్మంలో తీరుతుంది?

దానానికీ ఋణానికీ భేదమేమిటి? దానం చేసేవాడు తన గుమ్మంలో నిలిచి "వచ్చి పుచ్చుకోండి" అనవచ్చును. రాలేనివారికి అందకపోయినా అతనిని ఎవరూ తప్పుపట్టరు. ఋణపడినవాని సంగతి అట్లా కాదు. ఇవ్వవలసినది ఇచ్చినవాని చేతికి చేరేవరకు బాకీ బాకీగానే నిలుస్తుంది. మన పెద్దలు దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అని మూడు చెప్పారు. దేశం కొరకు ఆయుధం పట్టినవారికి దేశం పడిన బాకీ కూడా ఈ కోవలోనిదే. రాజు కొరకు ప్రాణాలు విడిచినవారి భార్యలను పోషిస్తున్నావా అని భారత సభాపర్వంలో నారదుడు ధర్మరాజును అడుగుతాడు.

మన దక్షిణాఫ్రికా ఈ ఋణాన్ని 2011 నాటి మాజీ సైనికుల చట్టంలో ఒప్పుకొన్నది. 1960 నుండి 1994 వరకు జరిగిన పోరాటంలో ఉమ్ఖోంటో వె సిజ్వే పక్షాన నిలిచినవారూ, నాటి ప్రభుత్వ సేనలో పనిచేసినవారూ ఆ చట్టం నీడలోకి వస్తారు. అది చెప్పిన సదుపాయాలలో వైద్యం ఒకటి. అయితే పెద్ద సైనిక ఆసుపత్రులు మూడే: ప్రిటోరియాలో, కేప్ టౌన్‌లో, బ్లూమ్‌ఫోంటైన్‌లో. మన క్వాజులు-నాటాల్‌లో ఒక్కటీ లేదు. డర్బన్ నుండే ప్రిటోరియా దాదాపు 600 కిలోమీటర్లు. ఉత్తరాన కొండపల్లెలో, టాక్సీ ఆగే చోటికే గంటసేపు నడవవలసిన వృద్ధ సైనికునికి ఆ హక్కు కాగితం మీద ఉన్నది. దేహానికి మాత్రం అందదు.

ప్రతి కొండ మీదా ఆసుపత్రి కట్టగలమా అని అడగవచ్చు. కట్టలేము. అంతకంటె బరువైన ప్రశ్న మరొకటి ఉన్నది. ఆ సైనికుని పొరుగున, జన్మమంతా చెరకు నరికిన ఒక వృద్ధురాలు ఉంటుంది. ఆమె మోకాళ్ళూ నొప్పే, ఆమెకూ క్లినిక్ దూరమే. ఆమె కంటె అతడు ముందు ఎందుకు కావాలి?

అతనికి దేశం మాట ఇచ్చింది గనుక, ఆ మాట నిలబెట్టుకోవాలి. కాని వ్యాధి సైనికుని ఒక విధంగా, కూలిని మరొక విధంగా బాధించదు. కాబట్టి అతనిని ఒక్కనినే దూరనగరానికి తరలించుట కంటె, దగ్గరి ప్రభుత్వాసుపత్రిలోనే అతని చికిత్సకు సైన్యం ఖర్చు పెట్టి, అక్కడ వైద్యులను, మందులను పెంచుట మేలు. అతని కొరకు వచ్చిన వైద్యుడు ఆమె నాడిని కూడా చూస్తాడు. అప్పుడు ఒకరి హక్కు మరొకరికి అన్యాయం కాదు.

ఈ దూరమెట్టిదో మన పూర్వులు ఎరుగుదురు. 1899లో బోయర్ యుద్ధం వచ్చినప్పుడు గాంధీగారు కూర్చిన భారతీయ అంబులెన్స్ దళంలో సుమారు 1,100 మంది ఉండేవారు. వారిలో అధికులు చెరకుతోటల నుండి, గనుల నుండి వచ్చిన ఒప్పంద కూలీలే. గాయపడిన సైనికులను స్ట్రెచర్ల మీద మోస్తూ రోజుకు 20, 25 మైళ్ళు నడిచిన రోజులున్నవి. తరువాత పతకాలు 37 మంది నాయకులకు దక్కాయి. మోసిన కూలీల భుజాలకు ఏమీ దక్కలేదు. అయినా వారు చేసిన పని ఒక ధర్మాన్ని చూపుతుంది: గాయపడినవానికీ వైద్యునికీ నడుమ ఉన్న దూరాన్ని మోయవలసినవాడు గాయపడినవాడు కాదు. మన పిల్లలందరికీ తెలిసిన ఆంజనేయుని కథలోనూ లక్ష్మణుడు పర్వతానికి పోలేదు, పర్వతమే లక్ష్మణుని దగ్గరకు వచ్చింది.

పర్వతం తేవడం ప్రభుత్వం పని. మనం చేయగలిగినవి చిన్న పనులు. మన ఆలయ కుటుంబాలలో వైద్యులున్నారు, నర్సులున్నారు, ఆదివారం ఖాళీగా ఉండే కార్లున్నాయి. మీ ఊరి చుట్టుపక్కల ముసలి సైనికుడెవరైనా ఉంటే, అతడు ఏ సేనలో ఉన్నాడని అడగకండి. ఆసుపత్రి కాగితాలు నింపడంలో తోడ్పడండి, వైద్యుని దగ్గరకు తీసుకొని వెళ్ళండి. కారులో మరొక చోటు ఉంటే ఆ పొరుగింటి అవ్వను కూడా ఎక్కించుకోండి.