గింజనే ఎందుకు అడుగుతాం?

నా పిహెచ్.డి. సిద్ధాంత వ్యాసంలో ఒక అధ్యాయం పేరు 'ఆగిపోయిన రచయిత్రులు'. ఒకటి రెండు మంచి కథలు రాసి, తర్వాత పత్రికల్లో కనపడకుండా పోయినవాళ్ళ గురించి. వాళ్ళలో ఒకావిణ్ణి అనంతపురం జిల్లాలో ఇంటికి వెళ్ళి కలిశాను. నా కాగితం మీద మొదటి ప్రశ్న: "మీరు రాయడం ఎందుకు మానేశారు?" ఆవిడ శెనక్కాయలు వొలుస్తూ, తలెత్తకుండానే, "మానేసినానని ఎవరు చెప్పినారమ్మా నీకు?" అన్నారు.

ఆ మాటని వ్యాసంలో ఎక్కడ పెట్టాలో తెలియక వదిలేశాను.

ఈమధ్య మా అక్క కూతురు వృక్షశాస్త్రం పరీక్షకి చదువుకుంటుంటే ఆ పుస్తకం తిరగేశాను. 1952లో అమెరికాలోని బెల్ట్స్‌విల్ వ్యవసాయ పరిశోధనా కేంద్రం వాళ్ళు లెట్యూస్ విత్తనాల మీద చేసిన ప్రయోగం ఉంది అందులో. తడిపిన గింజల మీద కాసేపు ఎర్రని వెలుతురు పడితే మొలిచాయి. వెంటనే దూర ఎరుపు, అంటే కంటికి దాదాపు ఆనని ఎరుపు, పడితే ఆగిపోయాయి. రెంటినీ ఎన్నిసార్లు మార్చి మార్చి వేసినా, గింజ చివర పడిన వెలుతురునే లెక్కలోకి తీసుకుంది. (ఆ పరిశోధనా పత్రం మీద అయిదు పేర్లున్నాయి. అయిదోది వివియన్ కె. టూల్ అనే స్త్రీది. ఇలాంటివి వెతకడం నాకు వృత్తిరోగం.)

బయట నేల మీద దీని అర్థం నీడలో ఉంది. పైనున్న ఆకులు ఎరుపుని తమకోసం పీల్చేసుకుని దూర ఎరుపుని కిందికి వదులుతాయి. అడుగున ఉన్న గింజకి మిగిలేది అదే. వెలుతురు లేక కాదు, ఒకరు వాడుకోగా మిగిలిన వెలుతురు కాబట్టి అది మొలవదు. వేడి సంగతీ ఉంది. చాలా లెట్యూస్ రకాలు 30 డిగ్రీలు దాటితే తడి ఉన్నా మొలవవు. ఆ వేడిలో ఎక్కువ రోజులుంటే, తర్వాత చల్లబడినంత మాత్రాన కూడా లేవవు.

ఇక్కడ నాకు సిగ్గేసింది. "పిల్లలు పెద్దవాళ్ళయ్యారు కదా, ఇప్పుడైనా రాయొచ్చుగా" అని ఆవిణ్ణి అడిగిందీ నేనే.

మొలవకపోతే రైతు గింజని నిలదీయదు. పదును చూస్తుంది, ఎండ చూస్తుంది, విత్తనం అమ్మినవాణ్ణి తిడుతుంది. స్త్రీ రాయకపోతే మాత్రం మనం ఆమెనే అడుగుతాం, స్త్రీవాదులమై ఉండీ.

అయితే పోలికలంటే నాకు భయం. స్త్రీ క్షేత్రం, పురుషుడు బీజం అని మనుధర్మశాస్త్రం చెప్పినదాన్ని ఎంతకాలం మోశాం! ఇప్పుడు ఆమె నిశ్శబ్దాన్ని 'సుప్తావస్థ' అంటే అన్యాయాన్ని ప్రకృతి ఖాతాలో వేసినట్టవుతుంది. చెట్టు నీడకి ఉద్దేశం లేదు. ఇంటి నీడకి ఉంది, దాని వల్ల బాగుపడేవాళ్ళూ ఉన్నారు. పైగా ఎదురుచూడటం ఊరికే జరగదు. నేలలో పడి ఉన్న గింజలు చాలావరకు మొలవకుండానే చచ్చిపోతాయి.

కానీ ఆవిడ చేతిలోని శెనక్కాయలు ఇంకోటి చెప్తున్నాయి. గుత్తి రకాల గింజకి నిద్రావస్థ దాదాపు ఉండదు. కోతవేళ వాన పడితే చేలోనే మొలకెత్తి పంటంతా పాడవుతుంది. తీగ రకాలు ఆగుతాయి, నిలుస్తాయి. కాబట్టి ఆగడమంతా ఓటమి అనలేను. ఆవిడ ఆగడంలో ఎంత ఇంటివాళ్ళు ఆపినది, ఎంత తను దాచుకున్నది? బయటినుంచి విడదీసి చెప్పే హక్కు నాకుందా? సిద్ధాంత వ్యాసంలో ఆ హక్కు ఉందనుకునే రాశాను, డిగ్రీ కూడా ఇచ్చారు.

పుస్తకంగా వెయ్యడానికి ఆ అధ్యాయం పేరు కొట్టేశాను. కొత్తది దొరకలేదు. వచ్చే నెల మళ్ళీ ఆవిడ దగ్గరికి వెళ్తున్నాను. ఆ రోజు ఆవిడ మాటకి జవాబుగా నేను అడగాల్సింది ఒకటుంది: "ఏం రాశారు? చూపిస్తారా?"