ఎవరి బిడ్డ మీద నేర్చుకోవాలి?

వెయ్యిమందిని చంపితే గాని వైద్యుడు కాడని మన ఊళ్ళలో ఒక మోటు సామెత ఉంది. వైద్యవృత్తిలో ఉన్న మేము దాన్ని విని నవ్వి ఊరుకుంటాం. కాని అందులో న్యాయమైన ప్రశ్న ఒకటుంది. కొత్త చేయి కుదిరేదాకా ఆ కష్టం ఎవరు పడాలి? రోగి పసిబిడ్డ అయినప్పుడు ఈ ప్రశ్న మరీ బరువెక్కుతుంది. పెద్దవాళ్ళు సరే అనో, వద్దనో చెప్పగలరు. ఏడాది బిడ్డ ఏడవడం తప్ప ఏం చెప్పగలదు?

మనముంటున్న ఈ ఇంగ్లండులో పిల్లల నర్సింగ్ ప్రత్యేకమైన చదువు. అది పూర్తిచేసి రిజిస్టర్ కావాలంటే కనీసం 2300 గంటలు రోగుల మధ్య పని నేర్చుకోవాలి. ఆఖరి సంవత్సరానికి వచ్చిన అమ్మాయికి పుస్తకం చాలావరకు వచ్చి ఉంటుంది. చేతికి మాత్రం ఇంకా తడబాటు పోదు.

ఆమె నేర్చుకోవలసిన వాటిలో మొదటిది చూడటం. బిడ్డ తల్లి ఒడిలో నిద్రపోతుండగానే, చేయి వేయకముందే, నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టాలి. ఏడుపు అందుకున్నాక ఆ లెక్క పనికిరాదు. జబ్బు ముదురుతున్న బిడ్డకు ఊపిరీ నాడీ ముందుగా వేగం పుంజుకుంటాయి. రక్తపోటు చాలా ఆలస్యంగా గాని పడిపోదు. అది పడేదాకా ఆగితే పరిస్థితి చేయి దాటవచ్చు.

రెండవది లెక్క. పిల్లలకు మందు బరువును బట్టి ఇస్తాం. పారాసిటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున 6 కిలోల బిడ్డకు 90, 20 కిలోల బిడ్డకు 300. దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగితే మోతాదు పదింతలవుతుంది. అందుకే ఇద్దరు విడివిడిగా లెక్కకట్టి సరిచూసుకోవడం ఆచారం.

మూడవది సూది. పసిబిడ్డ ఒంట్లో రక్తం కిలోకు సుమారు 80 మిల్లీలీటర్లు. అంటే 4 కిలోల బిడ్డకు ఉన్నదంతా 320, మన ఇళ్ళలో రెండు కాఫీ కప్పులు. అందులోంచి మళ్ళీ మళ్ళీ తీయడం చిన్న విషయం కాదు.

ఇవన్నీ బొమ్మల మీద నేర్పకూడదా అని అడగవచ్చు. నేర్పుతున్నారు. ఆ 2300 గంటల్లో 600 దాకా అలాంటి అభ్యాసానికి కేటాయించవచ్చని 2023 నాటి నియమాలు ఒప్పుకున్నాయి. కాని బొమ్మ చేయి లాక్కోదు, అమ్మ కొంగులో మొహం దాచుకోదు. చివరికి ఏదో ఒకరోజు ఎవరి బిడ్డ చేయో పట్టుకోక తప్పదు.

తప్పదన్నంత మాత్రాన ఏం చేసినా చెల్లదు. మా దృష్టిలో దానికి కొన్ని షరతులున్నాయి. బిడ్డకు అవసరమైన పనే చేయాలి, అభ్యాసం కోసమని ఒక్క సూది కూడా గుచ్చకూడదు. చర్మం మొద్దుబారే క్రీము రాస్తే అది పనిచేసేదాకా ఓపికపట్టాలి. అనుభవమున్న నర్సు పక్కనే ఉండాలి. ఎన్నిసార్లు ప్రయత్నించాలో ముందే అనుకుని, అక్కడ ఆపి, చేయి మార్చాలి. విద్యార్థినని తల్లికి ముందే చెప్పాలి. “ఇది నాకింకా రాదు, చూపించండి” అనగలగడం కూడా ఆఖరి ఏడాదిలో అలవడవలసిన నైపుణ్యమే. దాన్ని పరీక్షలో మార్కులు తగ్గించే లోపంగా పెద్దలు చూస్తే, ఆ అమ్మాయి రానిది వచ్చినట్టు నటించడం నేర్చుకుంటుంది.

ఇక తల్లిదండ్రుల సంగతి. 1959లో ప్లాట్ కమిటీ నివేదిక ఈ దేశపు ఆసుపత్రులలో తల్లిదండ్రులను ఎప్పుడైనా పిల్లల దగ్గరకు రానివ్వాలని సిఫారసు చేసింది. అంతకుముందు చాలాచోట్ల వారానికి కొన్ని గంటలే అనుమతి. ఇప్పుడు తల్లి మంచం పక్కనే ఉంటుంది, విద్యార్థి వద్దని చెప్పే హక్కూ ఆమెకుంది. ఆ హక్కును మేము తక్కువ చేయడం లేదు. బిడ్డ బాగా బెదిరిపోయి ఉన్నా, అప్పటికే నాలుగు పోట్లు తిని ఉన్నా, వద్దనడమే మంచిది.

అయితే ఎప్పుడూ వద్దనేది ఎవరు? చదువూ, ఇంగ్లీషూ, ఆసుపత్రి పద్ధతులూ తెలిసిన మనబోటి వాళ్ళం. “మేమూ డాక్టర్లమే, సీనియర్ని పిలవండి” అనడం మనకు సులువు. అప్పుడు ఆ విద్యార్థి పక్క మంచానికి వెళుతుంది. అక్కడి తల్లికి భాష రాదు, కాదనవచ్చునని తెలియదు. మన బిడ్డ తప్పించుకున్న పోటు ఆ బిడ్డకు పడుతుంది. రేపు నేర్పరి అయిన ఆ నర్సు సేవ మాత్రం మన బిడ్డకూ అందుతుంది. పైగా మన అమ్మాయి నర్సింగో వైద్యమో చదువుతుంటే, ఆమెకు మంచి వార్డు, చేతినిండా పని దొరకాలని కోరుకునేదీ మనమే. ఇది న్యాయమేనా?

మాకు తోచిన సమాధానం ఒక్కటే. వైద్యం ఊరందరి చెరువు లాంటిది. నీళ్ళు తోడుకునే ప్రతి ఇంటివారూ పూడిక తీతకు ఒక మనిషిని పంపాలి. ఈసారి మన బిడ్డ మంచం దగ్గరకు విద్యార్థిని వచ్చి అనుమతి అడిగితే, పక్కన ఎవరుంటారు, ఎన్నిసార్లు ప్రయత్నిస్తారు అని రెండు ప్రశ్నలు అడుగుదాం. జవాబు సబబుగా ఉంటే బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చేయి పట్టుకుని, సరే అందాం. సభ్యులు తమ అభిప్రాయాలు రాస్తే సంతోషిస్తాం.