కావలివారి సంఘము

వృత్తిసంఘములను గూర్చి చర్చ వచ్చినప్పుడెల్ల నేతగాండ్రు, ఉపాధ్యాయులు, వకీళ్లు, రైలు కార్మికులు మొదలగువారి సంఘములే మనకు తలంపునకు వచ్చును. ఆ సంఘములు సభ్యుల కూలిని, గౌరవమును కాపాడుకొనుటకై పుట్టినవి. అందు తప్పుపట్టవలసిన దేమియు లేదు. కాని కావలికాయుటయే వృత్తిగా గలవారు సంఘముగా నేర్పడినప్పుడు వేఱొక ప్రశ్న పుట్టుచున్నది. నేతగాడు బట్ట నమ్మును. కావలివాడు తన మెలకువ నమ్మును. ఆ మెలకువను నమ్ముకొని నిద్రించువాడు వానికి జీతమిచ్చు యజమానియు గాడు, వాని సంఘమున సభ్యుడును గాడు. బ్యాంకును కాచువాడు బ్యాంకునొద్ద జీతము పుచ్చుకొనును. కన్నము పడినచో పోవునది పింఛనుదారుని సొమ్ము. ఇట్టివారి సంఘమునకు ఒక యూర శాఖ పెట్టి, దానికి పెద్దయై కూర్చుండినవాడు ముందుగా నెవరికి బద్ధుడు? తన్నెన్నుకొన్న సభ్యులకా, వారిని పోషించు యజమానులకా, ఈ రెండు లెక్కలలోను పేరులేని యా పింఛనుదారునికా?

మన యుత్తరపు జిల్లాలలో కావలి క్రొత్త వృత్తి కాదు. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల పల్లెలలో కరణము, మునసబులతోపాటు తలయారి యుండెడివాడు. గ్రామోద్యోగములకు వంశక్రమపు హక్కును 1895 నాటి మద్రాసు చట్టము స్థిరపఱచెను. గ్రామ మునసబు పదవి విషయమున నట్టి హక్కు రాజ్యాంగమునకు విరుద్ధమని 1960లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. 1984లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము గ్రామాధికారుల పాత యేర్పాటునే తీసివైచెను. పోయినది మంచికే పోయినది. తండ్రి మెలకువగలవాడైనంత మాత్రమున కొడుకును మెలకువగలవాడే యగునన్న నియమ మేమి? అయినను ఆ తలయారియం దొక్క గుణముండెను. వా డెవడో ఊరి కెల్ల తెలియును, ఊరెల్ల వానికి తెలియును; కళ్లములో ధాన్యము పోయినచో రచ్చబండకడ పదిమంది యెదుట సమాధానము చెప్పుకొనవలసినవాడు వాడే.

నేటి కావలివాని కా రచ్చబండ లేదు. మన పల్లెలనుండి బ్రతుకుతెరువు వెదకుకొనుచు విశాఖపట్టణమునకును హైదరాబాదునకును పోయి, పరులయిండ్ల గుమ్మములకడ నీలపు చొక్కాతో నిలుచువారున్నారు. సైన్యమున పనిచేసి వచ్చి యీ పనికే కుదురుకొనువారు నున్నారు. ప్రయివేటు కాపలా సంస్థలకై 2005లో పుట్టిన చట్టమును, దాని నియమములను బట్టి గార్డునకు తరగతిలో నూఱు గంటలు, బయట అరువది గంటలు శిక్షణ మీయవలెను. అదే పల్లెలనుండి ఇంజనీరింగు చదివి, కంప్యూటరుల కెదుట కూర్చుండి అదే కావలికాయు యువకులును నున్నారు. వీరి కంతర్జాతీయ సంఘములే కలవు. అమెరికాలో 1969లో పుట్టిన ఐసాకా యను సంఘమునకు హైదరాబాదున శాఖ యున్నది. అది యిచ్చు సీసా పట్టమును నిలుపుకొనవలెనన్న మూడేండ్లలో నూటయిరువది గంటల చదువు చూపవలెను. ఇట్టి గంటలు కూడబెట్టుకొనుటకే సభలకు వచ్చి వెనుకవరుసలో కునుకుతీయువారు ప్రతి విద్యావంతుల సంఘమునను ఉందురు గాని, వారి నటుండనిండు. నాకు వింతగా తోచున దింకొకటి. చదువుకొన్న కావలివారు చల్లని గదిలో రక్షణను గూర్చి ప్రసంగించుచుండగా, ఆ గది తలుపు తెఱచి సలాము చేయువాడును కావలివాడే. ఆ సభలో వానికి కుర్చీ లేదు.

కావలి తప్పినప్పుడు మన మేమి చేయుదుము? బొబ్బిలి కథ యందఱు నెఱిగినదే. 1757 జనవరి 24వ తేదీన కోట పడినది. కొలది రాత్రులకే విజయనగర ప్రభువగు పూసపాటి విజయరామరాజు తన డేరాలోనే హతుడయ్యెను. పగతీర్చుకొన వచ్చినవారు కాపలావారి కంటబడకయే లోపల దూరిరని ఆంగ్ల చరిత్రకారుడు రాబర్టు ఆర్ము వ్రాసియున్నాడు. గెలిచిన సైన్యము చుట్టును విడిసియుండగనే యీ పని జరిగెను. తాండ్ర పాపారాయని శౌర్యమును రెండున్నర శతాబ్దములకుపైగా పాడుకొనుచున్నాము, పాడుకొనదగినదే. కాని ఆ రాత్రి డేరాచుట్టు నిలిచిన కాపలావారిని గూర్చి యడిగినవా డొక్కడు లేడు. వారెన్ని జాములు నిద్రలేక నిలిచిరో, గెలుపు మత్తులో వారిని మార్చవలసినవారు మఱచిరో, డేరాకు వెనుకవైపున నసలు మనుష్యుడే లేడో యెవ్వరికిని పట్టలేదు. వారి కొక సంఘమును, ఆ సంఘమున కొక పెద్దయు నుండిన, మఱునా డాయన యేమనియుండును? మావారి తప్పేమియు లేదని యొక తీర్మానము చేయించియుండును. ప్రభువులవారు నలుగురిని ఉరిదీయింప జూచియుండురు. శత్రువు దూరిన త్రోవ యేదో మాత్రము ఆ యురివలనను తెలియదు, ఈ తీర్మానమువలనను తెలియదు.

త్రోవ తెలిసినచో దానిని చెప్పవచ్చునా యన్నది మఱియు కష్టమైన ప్రశ్న. 1851లో లండను మహాప్రదర్శనము జరిగిన దినములలో హాబ్సు అను అమెరికా తాళముల పనివా డచ్చట ప్రసిద్ధమైన బ్రామా తాళమును తెఱచి చూపెను. దానిని తెఱచినవారికి రెండువందల గినీలిత్తుమని దుకాణపు కిటికీలో నేండ్ల తరబడి పలక వ్రేలాడుచుండెను. పదునాఱు దినములలో మొత్తము ఏబదియొక్క గంటలు పాటుపడి హాబ్సు దానిని సాధించెను. దొంగలకు విద్య నేర్పుచున్నాడని యాక్షేపించినవా రుండిరి. దొంగలకు తమ విద్య ముందే తెలియును, తెలియనివాడు తాళము కొన్న గృహస్థుడొక్కడే యన్నది హాబ్సు వాదము. ఆ వాదమున బలమున్నది. కాని యందు సగమే సత్యము. తెలిసిన దొంగ యొకడైన తెలియని దొంగలు వందమంది; కన్నము పూడ్చకముందే దాని కొలతలు దండోరా వేయించిన నా వందమందియు ఆ రాత్రియే వత్తురు.

ఈ చిక్కును విజయనగరమునకే తెచ్చి చూతము. అట్టి శాఖ యొకటి యిచ్చట వెలసినదనుకొందము. ఒక పరపతి సంఘమున కంప్యూటరులు చూచుకొను యువకుడు దాని సభ్యుడు. ఖాతాదారుల లెక్కలు బయటివాడును తెఱవగల సందొకటి వాని కంటబడినది. పైవారితో చెప్పగా, నోరు మూసుకొనుము, సంఘము పరువు పోవునని గద్దించిరి. అతడు వచ్చి శాఖ పెద్దతో రహస్యముగా చెప్పినాడు. పెద్ద యూరకున్నచో ఖాతాదారులు మునుగుదురు. పత్రికల కెక్కించినచో ముందు ఆ యువకుని యుద్యోగము పోవును. మఱునాటినుండి శాఖకు వచ్చి నిజము చెప్పువా డుండడు. ఇంటిదొంగను ఈశ్వరుడైన పట్టలేడందురు. ఇంటివాడే వచ్చి చెప్పిన నిజమును నిలుపుకొనలేని సంఘ మిక దేనిని పట్టును?

నాకు తోచినంతలో పెద్దరికమునకు పనిపడుచోటిదే. ఆ పరపతి సంఘమువా రా యువకుని తీసివేయగలరు; శాఖ పెద్దను తీసివేయలేరు. కాబట్టి ఆయన తన పేరుతో, తానే పోయి, ఈ సందును ఇన్ని దినములలో పూడ్పుడని గడువు పెట్టవలెను. గడువు దాటినచో ఖాతాదారులకు ప్రమాదమున్నదని చెప్పవలెను, సందెక్కడనో చెప్పరాదు. కళింగపట్నములోను భీమునిపట్టణములోను తుపానువేళ రేవుపై నెత్తు ప్రమాదసూచిక చూడుడు. ఏ పడవకు చిల్లియున్నదో యది చెప్పదు, సముద్రముపైకి పోవలదని యెల్లరకు చెప్పును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాసచెంత తీరము దాటి ఉద్దానపు కొబ్బరితోటలను నేలకూల్చెను. తోటలకు కాళ్లు లేవు. మనుష్యులకు ముందుగా తెలిసిన చోట పరుగెత్తుటకైన వీలుండును. కంప్యూటరు దాడి జరిగిన యాఱు గంటలలో తమకు తెలుపవలెనని భారతప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిలు 28న ఆజ్ఞాపించెను. మంచిదే, కాని ఢిల్లీకి తెలిసినది పింఛనుదారునికి తెలిసినట్లు కాదు.

తన పేరు నొడ్డుట పెద్ద పనియైనచో, ఆ పేరు యజమానులయొద్ద తాకట్టున నుండరాదు. తానే యొక కాపలా సంస్థ నడుపుచు, ఆ పరపతి సంఘమున గుత్తకై తిరుగువాడు శాఖకు పెద్దయైన నేమగునో వేఱుగ చెప్పనేల? కంచె చేను మేసినట్లగును. ఒక్క చోట నొక్కడే చిరకాలము పాతుకొనుటయు నట్టిదే. శాఖలకు అధిపతులు పలువురుండవలెననియు, వారచ్చట స్థిరముగా నుండరాదనియు అర్థశాస్త్రకారుడు ఏనాడో చెప్పియున్నాడు.

1989లో పుట్టి నేడు ఐ.ఎస్.సి.2 అని పిలువబడుచున్న సంఘమువారి ధర్మసూత్రములు నాలుగు. మొదటిది ప్రజాహితము, రెండవది న్యాయవర్తనము, నియమించుకొన్నవారికి శ్రద్ధతో పనిచేయుట మూడవది, తమ వృత్తి యభివృద్ధి నాలుగవది. ఇవి యొకదానితో నొకటి పొసగనప్పు డీ వరుసనే పాటింపవలెనని వారి నియమము. సభ్యులయొద్ద చందా పుచ్చుకొను సంఘము సభ్యుల వృత్తిని కడపటి పీటపై కూర్చుండబెట్టుట సామాన్యము కాదు. వరుస వ్రాయుట సులభమే. మీరు నాలుగవవారని చెప్పి వోటడిగి గెలువగలవాడెవడు?

ఐనచో గుమ్మముకడ పండ్రెండు గంటలు కుర్చీలేక నిలుచు గార్డు తరఫున పెద్ద మాటాడరాదా యని యడుగవచ్చును. మాటాడియే తీరవలెను, అదియు మొదటి సూత్రమును బట్టియే. అలసినవాని కన్ను మూతపడుట వాని దోషము కాదు. ముగ్గురి పని యిద్దరిచేత చేయించిన యజమాని యా యింటివారి రక్షణమునే దొంగిలించుచున్నాడు. గార్డునకు కుర్చీయు, వేళకు మార్పును కోరుట గృహస్థుని క్షేమమును కోరుటయే. సభ్యుని తప్పు కప్పిపుచ్చుట మాత్రమట్లు కాదు. ఈ రెండింటిని విడదీయలేని పెద్ద సభ్యులకును మేలు చేయలేడు.

గృహస్థులకు, ముఖ్యముగా గృహిణులకు, ఇందు పనియేమి యనుకొనవలదు. నేటి దొంగ గోడ దూకుట లేదు. పోలీసు దుస్తులు ధరించి ఫోనులో కనబడి, నిన్ను డిజిటల్ అరెస్టు చేసితిమనును. ఫోను పెట్టివేయరాదు, కొడుకుతోనైనను చెప్పరాదు, సొమ్ము ఫలానా ఖాతాకు పంపవలెనని బెదరించును. మన చట్టములలో నట్టి యరెస్టే లేదు. చదువుకొన్నవారును దీనికి లోబడుచున్నారు. భయమును మించి వారిని కట్టివేయునది ఎవ్వరితోను చెప్పరాదన్న ఆజ్ఞ. పక్కగదిలోని కోడలితో నొక్కమాట చెప్పిన నా వల తెగును. సొమ్ము పోయినచో 1930 సంఖ్యకు వెంటనే ఫోను చేయవలెనన్న సంగతి యెన్ని యిండ్లలో తెలియును? ఈ మాట చెప్పవలసిన కావలివారు తమలో తాము ఆంగ్లమున చెప్పుకొనుచున్నారు.

శ్రీముఖలింగము చెంత పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో నుండి సవరభాష నేర్చుకొని, సవరపిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించిరి. (ఈ వ్యాసపు భాషను చూచినచో పంతులుగారు నన్ను మందలించెడివారే, యది వేఱు సంగతి.) వినవలసినవాని నోటి మాటను చెప్పవలసినవాడు ముందు నేర్చుకొనవలెనని వారు చేసి చూపిరి. విజయనగరమున నా శాఖ నిజముగా వెలసిననాడు దాని మొదటి సభ చల్లని గదిలో గాక యే గ్రంథాలయపు వసారాలోనో జరుగవలెను. పరపతి సంఘపు ఖాతాదారులను, కళాశాల విద్యార్థినులను, వీధిగుమ్మముల గార్డులను పిలువవలెను. గార్డులు రాత్రిపనివారు గనుక సభ సాయంకాలము పెట్టరాదు. వారు దిగివచ్చు ప్రొద్దునవేళ, ఎనిమిది గంటలకు పెట్టవలెను.