ఏడాదికొక మిల్లీమీటరు

ఇంగ్లండ్‌లో, కెంట్ ప్రాంతంలోని యాష్‌ఫర్డ్ పట్టణానికి దగ్గరగా హాత్‌ఫీల్డ్ అనే చిన్న సంరక్షిత నేల ఉంది. మిట్టమీద ఊదాపూల హెదర్ పొదలు, పల్లంలో నీరూరే చిత్తడి. సారం లేని మట్టి. అందుకే అక్కడి డ్రోసెరా మొక్క ఆకుల మీది జిగురు బొట్లతో పురుగుల్ని పట్టి తింటుంది. మంచు బిందువనుకొని వాలిన దోమ మళ్లీ లేవదు. ఈ మొక్క చుట్టాలు మన తెలుగు నేలమీదా ఉన్నాయి.

నాకు ఎక్కువ ముచ్చటేసేది మాత్రం ఆ చిత్తడిలోని స్ఫాగ్నం నాచు. తన బరువుకు 20 రెట్ల దాకా నీటిని పట్టి ఉంచుతుంది. చచ్చినా సరిగా కుళ్లదు. ఆమ్లగుణమున్న నీళ్లలో, గాలి ఆడని చోట, ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పీట్ అనే మట్టిగా పేరుకుంటుంది. మీటరు మందం కావాలంటే వెయ్యేళ్లు! ఒక్క కాలువ తవ్వితే ఎండిపోతుంది.

అలాగని ముట్టకుండా వదిలేసినా బర్చ్ చెట్లు కమ్మేస్తాయి. పూర్వం ఊరి పశువులు మేసి నేలను తెరిపిగా ఉంచేవి. ఇప్పుడు సంరక్షకులే గుర్రాలనూ పశువులనూ తెచ్చి మేపుతున్నారు. హీత్ అని పిలిచే ఇలాంటి హెదర్ పొదల నేలలు ఇంగ్లండ్ పల్లపు ప్రాంతాల్లో 1800 నుంచి 80 శాతానికి పైగా పోయాయి.