గరుకుగా తగిలే విశ్వాసం



హైదరాబాదు పాతబస్తీలో, పత్తర్‌గట్టి రాతి కమానుల కింద వరుసగా ముత్యాల దుకాణాలున్నాయి. అసలు ముత్యాన్ని గుర్తుపట్టడానికి పాత పద్ధతి ఒకటుంది. ముత్యాన్ని పంటి అంచుకు మెల్లగా రుద్దుతారు. నున్నగా జారితే గాజుదో, ప్లాస్టిక్‌దో. సన్నని ఇసుకలా గరుకుగా తగిలితే అసలుది.

విశ్వాసం లేనిదే దేవునికి ప్రీతిపాత్రులం కాలేమని హెబ్రీయుల లేఖ (11:6) బోధిస్తోంది. ఎలాంటి విశ్వాసం? అదే అధ్యాయం అబ్రహామును చూపుతుంది. దేవుని పిలుపు ఆయనకు గరుకుగానే తగిలింది. ఎక్కడికి వెళ్ళాలో తెలియకుండానే ఆయన సొంత ఊరు విడిచి బయలుదేరాడు.

మరి మన విశ్వాసం? ఆదివారం పూజ తప్పము, జపమాల మానము. కాని ఇంటి పంపకాల్లో తగవుపడిన అన్నతో ఏళ్ళ తరబడి మాటలుండవు. కానుకను బలిపీఠం ఎదుట విడిచి, ముందు సహోదరునితో సమాధానపడమన్న ప్రభువు మాట (మత్తయి 5:23-24) మాత్రం మనకు తగలకుండా జారిపోతుంది.

వచ్చే ఆదివారం పూజకు ముందు ఆ అన్న గుమ్మం ఎక్కుదాం. ఆయన పలకకపోవచ్చు. అయినా వెళదాం. మనసుకు గరుకుగా తగిలే ఆ అడుగే దేవుడు మెచ్చే విశ్వాసం.