అట్ట మీద అబద్ధం ఉండొచ్చా?

మా బడిలో మెట్ల కింద ఉండే గోడపత్రికను మీరంతా చూసే ఉంటారు. మూడేళ్లుగా అందులో ఒక మేక కథ బొమ్మలతో వస్తోంది. ఆ మేక నోటీసులు తింటుంది, ప్రశ్నపత్రాలు తింటుంది, ఒకసారి హాజరుపట్టీ కూడా నమిలేసింది. ఇంత చేసినా అది ధైర్యం గల మేక కాదు. ఎవరైనా గట్టిగా దగ్గితే చాలు, బల్ల కింద దూరుతుంది. ఆ కథలు 27 అయ్యాయి. అన్నీ కలిపి 64 పేజీల పుస్తకంగా వేసి, అమ్మిన డబ్బుతో లైబ్రరీకి తెలుగు పుస్తకాలు కొందామని ఈ ఏడాది అనుకున్నాం. లోపల నలుపు తెలుపు, అట్ట ఒక్కటే రంగుల్లో. ఆ అట్ట పని నాకు అప్పజెప్పారు. బొమ్మల పనే కదా అని ఒప్పుకున్నాను.

మా తరగతిలో అందరికంటే బాగా గీసే స్నేహితుడు మొదటి అట్ట వేశాడు. మేక ఆకాశంలో ఎగురుతోంది, భుజాన ఎర్రటి గుడ్డ, ఒక కాలి మీద మా బడి కట్టడం మొత్తం! చూసినవాళ్లందరికీ నచ్చింది. ఆరో తరగతి పిల్లలు అప్పుడే ఎంతకి అమ్ముతారని అడిగారు. నాకూ నచ్చింది, దాచడం ఎందుకు. ఇంటికి తీసుకెళ్లి మా అవ్వకు చూపించాను. అవ్వకు చదువు రాదు, మేక కథలన్నీ నేను చదివి వినిపించినవే. చాలాసేపు చూసి, "ఇది ఏ కథలోదిరా? ఇది మన మేక కాదే, ఎవరిదో పొట్టేలు" అంది.

ఆ మాట వదల్లేదు నన్ను. మర్నాడు మా తెలుగు సార్‌తో చెప్పాను, ఇందులో లేనిది అట్ట మీద వేస్తే కొన్నవాళ్లను మోసం చేసినట్టు కాదా అని. సార్ నవ్వి, "పెళ్లికూతురు రోజూ అన్ని నగలు పెట్టుకొని తిరుగుతుందా? పెళ్లిలో అలంకరిస్తే మోసమా?" అన్నారు. తరగతంతా నవ్వింది. నాకు జవాబు తట్టింది సాయంత్రం బస్సులో (ఎప్పుడూ అంతే). ఎన్ని నగలు పెట్టినా పీటల మీద కూర్చోవాల్సింది ఆ అమ్మాయే కదా! వేరే అమ్మాయిని కూర్చోబెడితే దాన్ని అలంకారం అనరు.

అయితే బొమ్మల పుస్తకాల చరిత్ర చదివితే విషయం నేననుకున్నంత తేలిక కాదని తెలిసింది. అమెరికాలో 1938లో వచ్చిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక అట్ట మీద సూపర్‌మాన్ కారును పైకెత్తి బండకేసి కొడుతుంటాడు. లోపలి కథలో ఆ సంఘటన నిజంగా ఉంది. కాబట్టి ఆ అట్ట అబద్ధం కాదు. కానీ తర్వాతి కాలంలో డీసీ సంస్థలో ముందు అట్ట బొమ్మ అనుకొని, దానికి సరిపోయేలా తర్వాత కథ రాయించడం కూడా మామూలే. అట్ట చూసి పిల్లలు "ఇలా ఎందుకు జరిగింది?" అనుకోవాలి, జవాబు కోసం కొనాలి. అది వ్యాపారం. అయినా జవాబు లోపల ఉంటుంది.

ఇది చెప్పగానే మా స్నేహితుడు పట్టుకున్నాడు. "అయితే మనమూ 28వ కథ రాద్దాం. మేక బడిని ఎత్తుతుంది. అప్పుడు అట్ట నిజమవుతుంది కదా?" అన్నాడు. రెండు రోజులు నా దగ్గర జవాబు లేదు. తర్వాత తోచింది ఇదీ. ఒక్క సంచిక అయితే అలా చేయొచ్చు, ఇంకా కథ మన చేతిలోనే ఉంటుంది. ఇది సంకలనం. 27 కథల్లో ఆ మేక ఎవరో తేలిపోయింది. ఇప్పుడు అట్ట కోసం దాన్ని వీరుణ్ని చేస్తే ఒక కథ నిజమవుతుందేమో గాని, మిగతా 27 అబద్ధమవుతాయి.

మరి 27 కథలను ఒక్క బొమ్మలో ఎలా చూపాలి? దీనికి దారి మన ఊళ్లోనే దొరికింది. 1947 జూలైలో ఇక్కడ, అప్పటి మద్రాసులో, మొదలైన చందమామలో భేతాళ కథల బొమ్మ మీ అమ్మానాన్నలకు గుర్తుండే ఉంటుంది. భుజాన శవం, చేతిలో కత్తితో విక్రమార్కుడు చీకట్లో నడుస్తుంటాడు. శంకర్ అనే పేరుతో గీసిన కె.సి. శివశంకరన్ గారి బొమ్మ అది. ఆయన 2020లో కన్నుమూశారు. ఏ నెల భేతాళుడు ఏ కథ చెప్పినా రాజు మాత్రం అలాగే నడుస్తుంటాడు. ఆ నెల కథలోని మనుషులెవరూ ఆ బొమ్మలో ఉండరు. అయినా తప్పుగా చూపించారని ఎవరూ అనుకోలేదు, ఎందుకంటే అన్ని కథల్లోనూ మారకుండా ఉండేది అదే. మా మేకలో మారనిది ఏమిటో వెతకాలని అప్పుడు అర్థమైంది.

అక్కడే అసలు చిక్కు వచ్చింది. ఆ మేకను మొదట గీసింది నేనూ కాదు, అట్ట వేసిన స్నేహితుడూ కాదు. మొదటి 19 కథలు గీసినవాడు పోయిన ఏడాది పదో తరగతి పరీక్షలు రాసి చదువు ఆపేశాడు. ప్యారిస్‌లో ఒక పాత్రల కొట్లో పనిచేస్తున్నాడు. వాడి గీతలు వంకరగా ఉంటాయి. తర్వాతి 8 చాలా అందంగా ఉంటాయి. మా మొదటి అట్ట మీద రెండే పేర్లు ఉన్నాయి, మాటలు రాసిన నాదీ, బాగా గీసినవాడిదీ. ఎవరూ కావాలని చేయలేదు. వాడు ఎదురుగా లేడు, అంతే.

సూపర్‌మాన్‌ను సృష్టించిన సీగల్, షుస్టర్ అనే ఇద్దరు కుర్రవాళ్లు హక్కులు 130 డాలర్లకు ఇచ్చేశారు. తర్వాత వాళ్ల పేర్లే కథల నుంచి తీసేశారు. తిరిగి పెట్టడానికి ఒప్పందం కుదిరింది 1975లో. బ్యాట్‌మాన్‌ను తీర్చిదిద్దిన బిల్ ఫింగర్ 1974లోనే చనిపోయాడు, సృష్టికర్తల్లో అతని పేరు అధికారికంగా చేరింది 2015లో. ఇవన్నీ చదివి వాళ్లను తిట్టుకున్నాను. తీరా చూస్తే మా బల్ల మీద ఉన్న అట్టలోనూ అదే జరిగింది.

ఆదివారం కొట్టుకు వెళ్లి వాడికి అట్ట చూపించి, నీ పేరు కూడా వేస్తామురా అన్నాను. "వద్దురా" అన్నాడు వెంటనే. "పేరు చూస్తే వాడిప్పుడు ఏం చదువుతున్నాడని అడుగుతారు." నేనేమీ మాట్లాడలేకపోయాను. వాడు బొమ్మను దగ్గరగా పట్టుకొని, "తాడేదిరా?" అన్నాడు. వాడి కథల్లో మేక మెడకు జానెడు తెగిన తాడు వేలాడుతుండేది. తర్వాత గీసిన వాటిలో అడ్డంగా ఉందని అది తీసేశాం. "కట్టు తెంచుకొని వచ్చిన మేక అది. ఆ తాడు పట్టుకొని ఎవరైనా లాక్కెళ్లొచ్చు. తాడే లేకపోతే దానికి భయమెందుకు?" అన్నాడు.

మూడేళ్లు ఆ మేకకు మాటలు రాశాను. నాకు తెలియలేదు ఆ సంగతి.

ఎగిరే మేక పోయింది. కొత్త అట్ట మీద మేక వెనక్కి తిరిగి, ఎవరైనా వస్తున్నారా అని చూస్తోంది. నోట్లో పుస్తకం పేరులోని చివరి అక్షరం సగం ఉంది. మెడకు తాడు ఉంది. పేరు సంగతి మాత్రం ఇంత సులువుగా తెగలేదు. వాడి పేరు వాడిది, వద్దనే హక్కు వాడిదే. కానీ మా రెండు పేర్లే వేస్తే చదివేవాళ్లకు అబద్ధం చెప్పినట్టే. అందుకే అట్ట మీద ఎవరి పేరూ వద్దన్నాను. లోపల ప్రతి కథ కింద గీసినవారి గుర్తు ఉంటుంది. వాడు సంతకం బదులు మూడు చుక్కలు పెట్టేవాడు, అవి వేసుకోమని ఒప్పుకున్నాడు. బాగా గీసే స్నేహితుడు దీనికి బాధపడ్డాడు. "నేనేం తప్పు చేశాను? మా అమ్మ అట్ట మీద నా పేరు చూద్దామనుకుంది" అన్నాడు. వాడికి చెప్పడానికి నా దగ్గర ఇప్పటికీ సరైన మాట లేదు. కొత్త అట్టకు రంగులు వేసింది మాత్రం వాడే.

ప్రెస్సాయన ఒక జాగ్రత్త చెప్పారు. అంచున 3 మిల్లీమీటర్లు కోతలో పోతాయట, ముఖ్యమైనది ఏదీ అక్కడ పెట్టకూడదట. తాడు ముందు అట్ట నుంచి మడత దాటి వెనక అట్ట మీదికి వస్తుంది. దాని కొసన మూడు చుక్కలు పెట్టాం. వాటిని రెండు వేళ్ల వెడల్పు లోపలికి జరిపాను. పుస్తకాలు శుక్రవారం వస్తాయి. ఆదివారం కొట్టు తెరిచే ఉంటుంది.