గీత మీది వణుకు

నానోటెక్నాలజీలో పీహెచ్‌డీకి వెళ్ళేవాళ్ళకి అందరూ చెప్పేది ఒకటే: పెద్ద జర్నల్లో పేపర్ పడాలి. లేకపోతే పోస్ట్‌డాక్ దొరకదు, ఉద్యోగం రాదు. సరే, మరి ఐదేళ్ళు చేసిన ప్రయోగం పనిచెయ్యకపోతే? ఆ ఐదేళ్ళనీ ఏమనాలి?

యాన్ హెండ్రిక్ షోన్ అనే జర్మన్ భౌతిక శాస్త్రవేత్త అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసేవాడు. ఒకే అణువు మందమున్న పొరతో ట్రాన్సిస్టర్ చేశానని 2001లో ప్రకటించాడు. ఆ ఏడాది అతని పేరుతో సగటున ఎనిమిది రోజులకో పేపర్ వచ్చింది.

నానోమీటరంటే మీటరులో వంద కోట్లవ వంతు. అక్కడ జరిగేదాన్ని మామూలు కంటితో చూడలేం, పరికరం గీసిన గీతని నమ్మాలి. ఆ గీత మీద ఎప్పుడూ సన్నటి వణుకు ఉంటుంది. దాన్నే నాయిస్ అంటారు. ఎన్నిసార్లు కొలిచినా అది ఒక్కలా వణకదు. షోన్ వేర్వేరు ప్రయోగాలవని చూపించిన గ్రాఫుల్లో మాత్రం అచ్చం ఒకే వణుకు కనిపించింది. 2002లో తోటి శాస్త్రవేత్తలు దాన్ని పట్టుకున్నారు. విచారణ కమిటీ 24 ఆరోపణల్లో 16 నిజమని తేల్చింది. చూపించడానికి సరైన ల్యాబ్ నోట్‌బుక్కులు లేవు, అసలు డేటా చెరిపేసి ఉంది.

చివరికి సైన్స్ తనని తాను దిద్దుకుంది కదా అంటారు. దిద్దుకుంది. కానీ అందుకు ఎవరి వయసు ఖర్చయింది? ఆ ఫలితాల్ని మళ్ళీ రాబట్టాలని ఎన్నో ల్యాబుల్లో విద్యార్థులు నెలల తరబడి కష్టపడ్డారు. రాకపోతే లోపం తమ చేతుల్లోనే ఉందని ఎందరు అనుకున్నారో! నిజానికి సరైన జవాబు వాళ్ళ నోట్‌బుక్కుల్లోనే ఉంది: 'రావట్లేదు.' ఆ మాటతో పేపర్ పడదు, కెరీర్ నిలబడదు. అందుకే అది చాలావరకు ల్యాబ్ గోడలు దాటలేదు.

దొంగ గ్రాఫు గీయకపోతే చాలు, నిజాయితీగా ఉన్నట్టే అనుకుంటాం. నాకది చాలదనిపిస్తుంది. రానిదాన్ని రాలేదని రాసుకోవాలి, పైకి చెప్పాలి. ఆ భారమంతా పాతికేళ్ళ విద్యార్థి మీదే వేస్తే న్యాయం కాదు. వినే గైడ్ ఉండాలి, విన్నాక కూడా ఆ పిల్లకో పిల్లాడికో ఫెలోషిప్ మిగలాలి.

కాబట్టి ల్యాబ్ ఎంచుకునేటప్పుడు అక్కడి సీనియర్లని ఏడాదికి ఎన్ని పేపర్లొస్తాయని అడగండి, తప్పులేదు. దాంతోపాటు ఇంకోటి కూడా అడగండి: ఇక్కడ ప్రయోగం పనిచెయ్యనివాళ్ళు ఏమయ్యారు?